లూజు కుట్టు

పోతయ్య తాడు కొనని పళ్లతో పట్టి, కుడికాలు పలకకి తన్ని, ఒళ్లంతా వెనక్కి వాల్చాడు. కొబ్బరితాడు కిర్రుమంటూ ఇంకో అంగుళం వచ్చింది. చాలు అని చేతులు చెప్పాయి. చాలదని అల్లుడు చెప్పి ఉన్నాడు కనక మళ్లీ వాలాడు. ఇంక రానని తాడు మొరాయించిన చోట కన్నంలో చీల దూర్చి, రాయితో రెండు దెబ్బలు వేశాడు.

చీల అంటే ఏమీ లేదు, జానెడు చింత చేవ ముక్క. ఒక కొన సన్నం, రెండో కొన లావు. లాగిన తాడు జారిపోకుండా కన్నంలో దాన్ని బిగించి, పక్క కుట్టు పడ్డాక ఊడదీసి ముందుకి జరుపుతారు. పోతయ్య చేతిలోది వాళ్ల నాన్నది. రెండు తరాల చెమటకి నల్లబడి కొమ్ములా నున్నగా అయింది. పని మధ్యలో ఆపి ఇంటికి పోయేవాడు చీలని కన్నంలోనే వదిలి పోతాడు. చీల ఉన్న పడవ నీళ్లు ముట్టదు. ఒరిస్సా తీరంలో ఈ మార్కండి దరి మీద ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు కూడా. చేపల గుంపు కళ్లెదుట ఎగిరిపడుతున్నా సరే, చీల తీసే హక్కు కుట్టినవాడిదే.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సముద్రం బూడిదరంగులో ఉంది. పోతయ్య పైపళ్లు రెండు ఎప్పుడో తాడుకి పోయాయి, మిగిలినవి పక్కకి ఒరిగాయి. అరచేతుల్లో గీతలు లేవు. ఎవరైనా జాతకం చూస్తామంటే చెప్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. యాభై ఆరేళ్లకే నడుము ముందుకి వంగి, నిలబడినా ఏదో వెతుక్కుంటున్న మనిషిలా కనబడతాడు.

మూడు రోజులుగా ఈ పడవని బిగిస్తున్నాడు. మేకు ఒక్కటీ లేని పడవ అది. మామిడి పలకలని అంచుకి అంచు చేర్చి, సందున ఎండుగడ్డి చుట్ట పెట్టి, కన్నాల గుండా తాడుతో కుట్టినది. కూతురు దేముడమ్మ మొగుడు జగ్గారావుది. ఈ ఏడు నుంచి నంబరు లేని పడవ నీళ్లలోకి దిగకూడదని కాగితం వచ్చింది. నంబరు ఇచ్చే ఆఫీసరు మూడు వారాల కింద జీపులో వచ్చాడు. బూటుకాలితో పలకని నొక్కితే అది కొంచెం కదిలింది. "ఎయిటా తొ లూజ్ అఛి", ఇది లూజుగా ఉందని ఒడియాలో అని, కాగితం మీద ఒక్క ఇంగ్లీషు ముక్క రాసి పోయాడు. ఏం రాశారని జగ్గారావు వెంట వచ్చిన గుమస్తాని అడిగితే, చెప్పారుగా, అదే, లూజు అన్నాడు.

పోతయ్యకి ఆ మాట కొత్త కాదు. వాళ్ల నాన్న కాలంలో వదులు అనేవారు. తర్వాత ఎప్పుడో లూజు వచ్చి, వదులు ఉన్న చోటల్లా కూచుంది, లేని చోట కూడా కూచుంది. తవిటయ్య టీకొట్లో పొట్లం కట్టని టీపొడి లూజు. కట్ట కొనలేనివాడికి రెండేసి అమ్మే బీడీలు లూజు. పెళ్లికి కుట్టించిన చొక్కా ఒకప్పుడు టైటు, ఇప్పుడు లూజు. పెళ్లాం కాసమ్మ చిక్కిపోయాక ఆమె రవిక లూజు, గాజులు లూజు. తాగినవాడి నోరు లూజు. కిందటి వారం కడుపులో తిప్పి, గుండెల మీద ఎవరో కూచున్నట్టుంటే పోతయ్య మందులాయన దగ్గరికి పోయాడు. లూజు మోషనా అని అడిగాడాయన. కడుపు బాగులేని మాట నిజమే కనక పోతయ్య తల ఊపాడు. గుండెల మీద బరువు సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోగా నాలుగు తెల్లబిళ్లలు చేతిలో పడ్డాయి, వెనకాల మనిషి ముందుకి జరిగాడు. తెల్లవాడు ఓడెక్కి పోయి నలభై ఏళ్లయింది. వాడి మాటలు మాత్రం పేదవాళ్ల ఇళ్లలో అద్దె లేకుండా ఉండిపోయాయి.

ఊళ్లో పోతయ్యలు ఇద్దరు. ఒకడు పొడుగు పోతయ్య. ఈయన లూజు పోతయ్య. ఎవరు కుట్టమన్నా, ఎంత బిగించమని మొత్తుకున్నా, కుట్టు కిందికి చిటికెనవేలి గోరు దూరేంత సందు వదిలేవాడు. నీళ్లు ఊరతాయిరా అంటే ఊరనీ అనేవాడు. తోడడానికి ఒక మనిషి చాలు అనేవాడు. అంతకు మించి వివరం చెప్పేవాడు కాదు. దాంతో తలకాయలో కూడా ఏదో లూజని ఊరు తేల్చేసింది. ఆయన కుట్టిన పడవలో ఎవరూ పోలేదన్న లెక్క ఎవరికీ పట్టలేదు.

కాదు, ముగ్గురు పోయారు. అది పోతయ్యకి పద్దెనిమిదేళ్లప్పుడు. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు. అన్న పైడన్న కొత్త పడవ కట్టించుకుని, నా తమ్ముడే కుడతాడని పదిమందిలో చెప్పాడు. తండ్రి పక్కన లేకుండా పోతయ్య కుట్టిన మొదటి పడవ అది. ఆ వయసులో చేతుల్లో ఎద్దు బలం. ఊరంతా చూడాలని లాగాడు. పలకకీ పలకకీ మధ్య వెంట్రుక దూరలేదు. ఒకటే మానుని తొలిచినట్టుందిరా అని పైడన్న పడవ పక్కల్ని నిమిరాడు. మొదటి కెరటం దాటింది, రెండోది దాటింది. మూడో కెరటం కొట్టినప్పుడు ఒళ్లు విరుచుకోవడానికి ఆ పడవకి సందు లేదు. పలక కన్నాల వరస వెంట తపాలా బిళ్ల చింపినట్టు చిరిగిపోయింది. ఒడ్డుకి ముందు పలకలు వచ్చాయి. మర్నాడు మనుషులు వచ్చారు. గంగమ్మ తీసుకుందని అందరూ అన్నారు. పోతయ్య పలకలు తిరగేసి చూశాడు. కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు.

తన బిగువే పడవని చీల్చిందన్న సంగతి కాసమ్మకి ఒక్కదానికే తెలుసు. అదీ పెళ్లయిన పదేళ్లకి.

మూడు వారాల కింద జగ్గారావు వచ్చి, ఒక్కసారి బిగించు మావా, నంబరు పడ్డాక మళ్లీ ఒదిలేద్దువు గాని అన్నాడు. పోతయ్య రెండు రోజులు ఒప్పుకోలేదు. నంబరు పడకపోతే అల్లుడు కూలికి సూరత్ పోతాడు. దేముడమ్మకి నెలలు నిండుతున్నాయి. మూడో రోజు ఒప్పుకున్నాడు. ఆఫీసరు కోసం బిగించడం, ఆఫీసరు పోయాక వదలడం, రెండు పక్కలూ వదిలేదాకా పడవ నీళ్లు ముట్టకపోవడం. ఇదీ మాట.

జీపు తొమ్మిది గంటలకి వచ్చింది. తెల్లచొక్కా ఆఫీసరు బూట్లలోకి ఇసక పోకుండా మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చాడు. వెనకాల గుమస్తా రంగుడబ్బా పట్టుకున్నాడు. ఆఫీసరు మొన్నటిలాగే బూటు ఎత్తి పలకని తన్నాడు. కదల్లేదు. జేబులోంచి పెన్ను తీసి రెండు పలకల సందున దూర్చబోయాడు. దూరలేదు. చివరి కుట్టులో ఉన్న చీల చూసి ఇదేమిటన్నాడు. జగ్గారావు నవ్వుతూ, ఏం లేదు బాబూ, కర్రముక్క అని ఒడియాలో చెప్పి, రాయితో కొట్టి ఊడదీసి ఇసకలోకి విసిరేశాడు.

పోతయ్య వంగి దాన్ని తీసుకుని, ఇసక ఊది, మొలలో దోపుకున్నాడు.

"ఏబె ఠిక్ అఛి" అన్నాడు ఆఫీసరు. ఇప్పుడు బాగుందట. కుట్టినది ఎవరని అడిగితే జగ్గారావు మావని ముందుకి తోశాడు. ఆఫీసరు ఆయన భుజం మీద చెయ్యివేసి, మంచి పనివాడివి, ఇలాంటి చెయ్యి ఇప్పుడు దొరకదన్నాడు. దరి మీద నలుగురూ విన్నారు. పైడన్న తర్వాత ఒకడు తన పనిని మెచ్చుకోవడం పోతయ్యకి అదే మొదలు. ఎటు చూడాలో తెలియక ఆయన బూట్ల వైపు చూశాడు.

గుమస్తా ముక్కు పక్కన తెల్లరంగుతో నంబరు వేశాడు. జీపు పోయింది. దుమ్ము అణగకముందే పోతయ్య ఎడమపక్క మొదటి కుట్టు దగ్గర గొంతుక్కూచున్నాడు. పక్కకి నూట ఇరవై కుట్లు. కన్నంలో కూరిన గడ్డి ముద్ద తియ్యాలి, మీటకర్రతో తాడుని వెనక్కి జరపాలి, చిటికెనవేలు పెట్టి చూడాలి, మళ్లీ కూరాలి. ఉప్పునీళ్లకి ఉబ్బిన తాడు బిగియడానికన్నా వదలడానికి ఎక్కువ ఏడిపిస్తుంది.

జగ్గారావు పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నంబరు దూరం నుంచి చూశాడు, దగ్గర నుంచి చూశాడు. పలక మీద అరచేత్తో కొట్టి చూశాడు. తర్వాత వచ్చి మావ పక్కన కూచున్నాడు.

"మావా, ఇంక దీన్ని ముట్టకు. ఇలాగే ఉండనీ."

"మాటనుకున్నాం గదా."

"అనుకున్నాం. ఇంత బాగుంటాదని అప్పుడు తెల్దు. నీళ్లు తోడి తోడి నా నడుం ఇరిగిపోతంది మావా. సదువుకున్న ఆఫీసరు, ఆయనకి తెల్దేటి?"

"ఆయనకి కాయితం తెలుసు. కెరటం తెల్దు."

జగ్గారావు ఇసక తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు. కోపం వచ్చిన మనిషి కాదు. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. "నీకు బిగించడం సేతకాకే ఇన్నాళ్లూ ఒదులు ఒదులన్నావని ఊరంతా అనుకున్నాది. నానూ అనుకున్నాను. సేతనవును గదా నీకు."

పోతయ్య చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది.

"రెండు పక్కలూ ఒదిల్దాకా నీళ్లు ముట్టకు" అన్నాడు.

"కవళ్ల సేపలు పడుతున్నాయి. రేపు తెల్లారి నలుగుర్ని రమ్మన్నాను. అప్పటికి ఎంత ఒదిలితే అంత. నేకపోతే నేదు."

జగ్గారావు లేచి, పంచె దులుపుకుని పోయాడు. పోతయ్య లెక్క వేసుకున్నాడు. పొద్దు వాలేసరికి ఒక పక్క అవుతుంది. రెండో పక్కకి రాత్రి చాలదు. ఒక పక్క వదులు, ఒక పక్క బిగువు అయితే రెండూ బిగువుగా ఉన్నదానికన్నా చెడ్డది. కెరటం మీద పడవ మెలి తిరుగుతుంది. మొదలు పెట్టకుండా ఉండాల్సిందేమో. కాని పదో కుట్టు అప్పటికే వదిలేశాడు.

మధ్యాహ్నం కాసమ్మ గంజి ముంతా, కాల్చిన ఎండు మెత్తళ్లూ తెచ్చింది. పడవ నీడ చారెడు ఉంది. అందులో ఇద్దరూ కూచున్నారు. ఆయన ముంత ఎత్తబోతే ఎడమ చెయ్యి లేవలేదు. కుడిచేత్తో ఎత్తాడు. మెడ మీద చెమట చల్లగా, చేప ఒంటి జిగురులా ఉంది. కాసమ్మ కొంగుతో తుడిచింది.

"బిళ్లలేసుకున్నావా?"

"ఏసుకున్నాను. కడుపు కాదే. సెయ్యి లాగతంది."

"మూడ్రోజుల్నించీ ఎద్దులాగ గుంజితే లాగదేటి." ఆమె నంబరు వైపు చూసింది. ఆ అంకెలు చదవడం ఆమెకీ రాదు. "ఆడికి సెప్పెయ్యి."

"ఏటి సెప్పాలి?"

"పైడన్న బావ మాట."

పోతయ్య మెత్తడి తల కొరికి ఉమ్మాడు. చెప్పాలని ఆయనకీ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మా అన్నని నేను చంపానని మొదలుపెట్టాలి. ముప్పయ్యెనిమిదేళ్లు గొంతులో ఇరుక్కున్న ముల్లు మెతుకు ముద్ద మింగితే దిగేది కాదు. ఊరు లూజన్నది, పిల్లలు లూజన్నారు, ఈ రోజు అల్లుడు చేతకాదనుకున్నానన్నాడు. అవన్నీ ఆ ఒక్క మాట చెప్పడం కన్నా తేలిక. అందుకే మోశాడు.

"సెప్తే రేపట్నించి నా సేత ఎవుడు కుట్టిస్తాడే?"

"కుట్టించకపోతే మాన్లే. పిల్ల బొట్టు కన్నానా?"

పోతయ్య ముంత దించి, "సాయంత్రం సెప్తాను. ఆడొస్తాడు గదా" అన్నాడు. కాసమ్మ ముంత కడిగి లేచింది. లేస్తూ లేస్తూ గాజులు మోచేతి దాకా జారితే మళ్లీ మణికట్టుకి దించుకుంది. ఇసకలో ఆమె అడుగులు వంకరటింకరగా ఊళ్లోకి పోయాయి.

ఎండ నెత్తి మీదికి వచ్చి, పడమటికి జారింది. పోతయ్య కుట్టు తర్వాత కుట్టు వదులుకుంటూ పోయాడు. డెబ్భై దగ్గర ఒకసారి కళ్లు చీకట్లు కమ్మితే పలకకి నుదురు ఆనించి ఉండిపోయాడు. మామిడి చెక్క వాసన, చేపనూనె వాసన, ఉప్పు. వంద దగ్గర వాంతి వచ్చినట్టయి రాలేదు. తవిటయ్య కొట్టు నుంచి ఎవరో టీ తాగిపొమ్మని కేకేశారు. చెయ్యెత్తి ఊపాడు. అది రమ్మనో వద్దనో వాళ్లకి తెలియలేదు. లూజు పోతయ్య అంతేలే అనుకుని ఉంటారు.

నూట ఇరవయ్యో కుట్టుకి పొద్దు సర్వితోటల వెనక్కి దిగింది. చిటికెనవేలు పెట్టి చూశాడు. గోరు దూరింది.

పడవ ముక్కు చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చేసరికి పాతిక అడుగుల దూరం పాతిక క్రోసులైంది. నంబరు కింద మొదటి కుట్టు దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు. గడ్డి ముద్ద తీశాడు. మీటకర్ర ఎత్తాడు. ఎడమ చెయ్యి తనది కాదన్నట్టు పక్కన వేలాడుతోంది. ఒంటిచేత్తో తాడు జరగదు. రెండుసార్లు ప్రయత్నించి కర్ర ఇసకలో పెట్టేశాడు.

దూరంగా గుడిసెల వైపు నుంచి ఒక మనిషి వస్తున్నాడు. నడక బట్టి జగ్గారావు. చెప్పాలి. వాడు దగ్గరికి వచ్చాక, కూచోమని, నంబరు మాట ముందు ఎత్తి, తర్వాత మెల్లిగా చెప్పాలి. మాటలు కూర్చుకోబోయాడు. గుండెల మీద కూచున్నవాడు ఇంకొంచెం బరువుగా కూచున్నాడు. వాడు వచ్చేదాకా మాట ఆగేట్టు లేదని పోతయ్యకి అర్థమైంది.

మొలలోంచి చీల తీశాడు. కన్నంలో సన్నం కొన పెట్టాడు. వదలవలసిన తాడుని పట్టి ఉంచడానికి చీల అక్కరలేదు, అది తనంతట తానే బిగుసుకుని ఉంది. అయినా పెట్టాడు. రాయితో కొట్టాడు. ఇంకో దెబ్బ కొట్టాడు. మూడోసారి ఎత్తిన రాయి చేతిలోంచి జారి ఇసకలో మెత్తగా పడింది. వీపు పడవకి ఆనించి కూచున్నాడు. కెరటాలు వస్తున్నాయి. ఒకటి, రెండు.

జగ్గారావు వచ్చి ముందు ఎడమపక్క చూశాడు. పలక నొక్కితే కదిలింది. నాలుక చప్పరించాడు. ఇటు వచ్చి, కూచున్న మావ పక్కనే నిలబడి సముద్రం వైపు చూస్తూ మాట్లాడాడు. ఒక పక్క అయింది కదా చాల్లే అన్నాడు. రెండో పక్క ఇలా ఉంటే నీళ్లు సగమే ఊరతాయి అన్నాడు. పొద్దున్న అన్న మాటకి కోపం పెట్టుకోవద్దన్నాడు. ఆడపిల్ల పుడితే నీ తల్లి పేరు పెడదామంటోంది మావా దేముడమ్మ అన్నాడు. జవాబు రాకపోతే వంగి భుజం పట్టుకుని కుదిపాడు. పోతయ్య పక్కకి ఒరిగాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి అంతా అయిపోయింది. ఆ తెల్లవారి రావలసిన నలుగురూ వచ్చారు, పాడె మొయ్యడానికి.

అయిదో రోజు జగ్గారావు వాళ్లని మళ్లీ పిలిచాడు. కవళ్లు ఇంకా పడుతున్నాయి. ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉంది, దుఃఖం కూడు పెట్టదు. పడవని నీళ్ల వైపు తిప్పడానికి నలుగురూ భుజాలు ఆనించారు. అప్పుడు ఒకడు చీల చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మిగిలినవాళ్లూ తీసుకున్నారు. కుట్టినవాడు లేడు కదా, ఇప్పుడు తియ్యవలసినవాడు ఎవరు అన్నారు. జగ్గారావు కింద పడి ఉన్న రాయి తీసుకున్నాడు. మొన్న ఆఫీసరు ముందు తీసినట్టే ఒక్క దెబ్బకి వచ్చేస్తుంది. రాయి ఎత్తాడు.

కాసమ్మ ఎప్పుడు వచ్చిందో పడవ అవతల నిలబడి ఉంది. చేతులకి గాజులు లేవు.

"ముట్టకు నాయినా" అంది. గొంతు హెచ్చించలేదు. "పైడన్న బావ పడవ మీ మావే కుట్టినాడు. ఇలాగే బిగించి కుట్టినాడు. ఆపడానికి ఆ పడవకి సీల మిగల్నేదు."

జగ్గారావు ఆమె వైపు చూశాడు. కుడిపక్క పలక మీద అరచెయ్యి వేసి నొక్కాడు. కదల్లేదు. ఎడమపక్కకి పోయి నొక్కాడు. మూడు కుట్ల దగ్గర నొక్కి, చిటికెనవేలు పెట్టి చూశాడు. తర్వాత ఆ నలుగురినీ పొమ్మన్నాడు. రాయి మాత్రం చాలాసేపు చేతిలోనే ఉండిపోయింది.

దేముడమ్మ నీళ్లాడిన నెలకి అతను సూరత్ బండి ఎక్కాడు. ఆ కుట్టు తెలిసినవాడు మార్కండిలో మరొకడు లేడు. పొడుగు పోతయ్యకి వలలు తప్ప పడవలు తెలియవు. ఆఫీసరు ఆ ఏడు ఇంకోసారి వచ్చి, పాసైన పడవ దరి మీద ఎందుకుందని అడిగాడట, ఎవరూ సరిగా చెప్పలేదట.

వానలకి తెల్లరంగు అంకెలు కరిగి కిందికి కారాయి. ఎడమపక్క పలకలు ఎండకి విడిపోయి, వాటి సందుల్లో ఎండ్రకాయలు చేరాయి. కుడిపక్క మొదటి కన్నంలో నల్లటి చింత చేవ చీల అలాగే బిగిసి ఉంది. దాని పక్క నుంచి జానెడు తాడు కొన బయటికి వేలాడుతూ, సముద్రపు గాలి వచ్చినప్పుడల్లా పలకకి తగులుతోంది.